పిల్లవాడి సొంత ప్రశ్న – ‘ప్రాజెక్టు’ అనే మాట వెనుక చరిత్ర

తెలుగునాట ‘ప్రాజెక్టు’ అన్న మాటకు చాలాకాలం ఒకే అర్థం ఉండేది: ఆనకట్ట. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరానికి పునాదిరాయి పడిన నాటినుండి చదువురాని వృద్ధులు సైతం ‘ప్రాజెక్టు నిండిందట’, ‘ప్రాజెక్టు కింద రెండెకరాలు కొన్నాడట’ అంటూ దాన్ని అచ్చతెలుగు మాట వలెనే వాడుకున్నారు. 2010 తర్వాత మన ఇళ్ళలో ఆ మాటకు రెండో అర్థం స్థిరపడింది. ‘నాన్నా, రేపటికి ప్రాజెక్టు ఇవ్వాలి’ అని రాత్రి ఎనిమిదింటికి పిల్లవాడు అనగానే తండ్రి చొక్కా తగిలించుకొని బజారుకు పరుగెత్తడం, థర్మోకోలు పలక, రంగు కాగితాలు, జిగురు తేవడం, తల్లి కత్తెర పట్టడం, నెట్ సెంటరువాడు నాలుగు పుటలు ముద్రించి ఇవ్వడం. పిల్లవాడు మాత్రం పదింటికే నిద్రపోయి ఉంటాడు. మర్నాడు పదికి తొమ్మిది మార్కులు వస్తాయి. ఆ తొమ్మిదీ ఎవరివో ఇంటిల్లిపాదికీ తెలుసు, మాస్టారికీ తెలుసు.

మిత్రులారా, ఈ తంతును ఎగతాళి చేయడానికి నేనీ టపా వ్రాయడం లేదు. ముప్ఫయి అయిదేళ్ళకు పైగా జిల్లా పరిషత్తు బడుల్లో తెలుగు పండితుడిగా పనిచేసినవాడిని కనుక, ఇందులో ఏ ఒక్కరి దోషమూ లేదని నాకు తెలుసు. నా కుతూహలం వేరు. పదకొండేళ్ళకూ పధ్నాలుగేళ్ళకూ నడుమనున్న పిల్ల తనకై తాను ఒక ప్రశ్న ఎత్తుకొని, నెలల తరబడి దాని వెంటబడి, తన కాళ్ళమీద తాను ఒక జవాబు దాకా నడవడం అనేది ఆ మాటకు అసలు అర్థం. ఆ అర్థం ఎక్కడ పుట్టింది, మన దేశపు బడుల్లో ఎప్పుడైనా నిజంగా బతికిందా అన్నది నా ప్రశ్న. బతికింది. ఒకచోట ముప్ఫయ్యేళ్ళు బతికింది. ఆ సంగతి మన తెలుగువారికి తెలియవలసినంతగా తెలియదనిపించి ఈ వ్యాసానికి పూనుకున్నాను.

ముందు మాట సంగతి. పండితుడికి ఈ చాపల్యం తప్పదు, క్షమించాలి. లాటిన్ భాషలో ఈ పదానికి మూలార్థం ‘ముందుకు విసరడం’. మన సంస్కృతంలో దానికి సరిజోడు ‘ప్రక్షేపం’. ఉపసర్గకు ఉపసర్గ, ధాతువుకు ధాతువు అతికినట్టు సరిపోతాయి. మనసులో ఉన్న ఊహను ముందుకు విసిరి, తర్వాత దాన్ని అందుకోవడానికి నడవడమన్నమాట. చదువులో ఈ మాటను మొదట వాడినవారు బడిపంతుళ్ళు కారు, శిల్పులు. పదహారో శతాబ్దపు చివర రోములో వెలసిన సెయింట్ లూకా అకాడెమీలో వాస్తువిద్యార్థులకు చర్చి గానీ, స్మారకం గానీ, భవనం గానీ ఊహించి గీయమని పోటీలు పెట్టేవారు. ఆ గీతలకు ‘ప్రొజెత్తి’ అని పేరు. 1671లో పారిస్‌లో ఏర్పడిన రాజ వాస్తు అకాడెమీ ఆ పద్ధతిని చదువులో అంతర్భాగం చేసింది. అక్కడినుండి ఇంజినీరింగు విద్యాలయాలకూ, అట్లాంటిక్ దాటి అమెరికాకూ పాకింది. 1879లో సెయింట్ లూయిస్ నగరంలో కాల్విన్ వుడ్‌వర్డ్ స్థాపించిన చేతిపనుల పాఠశాలలో వడ్రంగం, కమ్మరం నేర్చిన పిల్లలు చివర ఒక వస్తువును తామే రూపొందించి, తామే గీసి, తామే చేయవలసి ఉండేది. 1908 తర్వాత మసాచుసెట్స్ రాష్ట్రంలో రూఫస్ స్టిమ్సన్ అనే ఆయన వ్యవసాయ పాఠశాలలో చదివే రైతుబిడ్డలచేత వారి ఇంటి పొలంలోనే ఒక పంటనో, ఒక పశువునో సొంతంగా పెంచించి, ఖర్చూ రాబడీ లెక్క వ్రాయించాడు. దానికి ‘ఇంటి ప్రాజెక్టు’ అని పేరు.

ఈ మాటను చేతిపని గదినుండీ పొలంనుండీ తెచ్చి చదువంతటికీ అన్వయించినవాడు విలియం హెర్డ్ కిల్‌పాట్రిక్. 1918లో ‘ప్రాజెక్టు పద్ధతి’ అన్న వ్యాసం ప్రకటించాడు. అందులో ఆయన ఇచ్చిన ఉదాహరణ చాలా సామాన్యమైనది: ఒక అమ్మాయి తన కోసం ఒక గౌను కుట్టుకుంది. కుట్టుకోవాలన్న కోరిక ఆమెదే అయి, పథకం ఆమెదే అయి, కుట్టిన చేతులు ఆమెవే అయితే అది ప్రాజెక్టు. అదే గౌనును ఎవరో కుట్టమంటే కుట్టినది ప్రాజెక్టు కాదు. గౌను రెండు సందర్భాల్లోనూ ఒకటే. తేడా అంతా కోరికలో ఉంది. మన ఇళ్ళలోని థర్మోకోలు నమూనాలను ఈ గీటురాయి మీద గీసి చూస్తే ఏమి తేలుతుందో వేరే చెప్పనక్కరలేదు.

కిల్‌పాట్రిక్‌కు గురుస్థానీయుడైన జాన్ డ్యూయీ అంతకుముందే, 1896లో, చికాగో విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగ పాఠశాల నడిపాడు. అక్కడ వంటా, నేతా, వడ్రంగమూ గణితానికీ చరిత్రకూ వాకిళ్ళయ్యాయి. కాని ఈ డ్యూయీయే 1938లో వ్రాసిన ‘అనుభవము – విద్య’ అన్న చిన్న పుస్తకంలో తన అనుయాయులను మందలించాడు. పిల్లవాడి కోరిక పేరు చెప్పి పెద్దవాడు చేతులు ముడుచుకొని కూర్చోవడం స్వేచ్ఛ కాదనీ, ఏ అనుభవం మరొక మంచి అనుభవానికి దారి తీస్తుందో చూసి ఏర్చడం గురువు బాధ్యత అనీ దాని సారాంశం. ప్రశ్న పిల్లవాడిది, తోడు పెద్దవాడిది. ఈ రెండూ కలిస్తేనే పని అవుతుందని చరిత్ర పదేపదే చెబుతూ వచ్చింది.

*

దీనికి మన దేశంలోనే ఒక చక్కని నిదర్శనం ఉంది. గడచిన శతాబ్దపు మొదటి దశకంలో బొంబాయిలో పది పన్నెండేళ్ళ పిల్లవాడొకడు మేనమామ ఇచ్చిన బొమ్మ తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు కింద పసుపుపచ్చని మచ్చ ఉంది. అంతవరకూ చూసిన పిచ్చుకల్లో దేనికీ అది లేదు. ‘ఇది ఏ పిట్ట?’ అని మామను అడిగాడు. ఆయనకు తెలియదు. తెలియదని ఊరుకోక, ఒక ఉత్తరం వ్రాసి పిల్లవాణ్ణి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపాడు. అక్కడి గౌరవ కార్యదర్శి డబ్ల్యు. ఎస్. మిల్లార్డ్ అనే ఆంగ్లేయుడు బెరుకుబెరుకుగా వచ్చిన ఆ కుర్రవాణ్ణి కూర్చోబెట్టి, పిట్ట పేరు చెప్పి, అంతటితో వదలక బీరువాలు తెరిచి, వందల పక్షుల నమూనాలు చూపి, చదువుకోమని పుస్తకాలిచ్చి పంపాడు. ఆ కుర్రవాడు సలీం అలీ. 1985లో వెలువడిన ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరులో సైతం ఆ పిచ్చుకే ఉంది.

ఇందులో బడి లేదు, మార్కులు లేవు, చార్టు లేదు. ప్రశ్న ఉంది, ‘నాకు తెలియదు, తెలిసినవారి దగ్గరకు వెళ్ళు’ అనగల మేనమామ ఉన్నాడు, తలుపు తెరిచిన మిల్లార్డ్ ఉన్నాడు. ఈ మూడింటిలో ఏది లోపించినా మన దేశపు పక్షిశాస్త్ర చరిత్ర మరోలా ఉండేది. తెలుగువారికి ఈ కథతో సంబంధం లేకపోలేదు. 1930లలో నాటి హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేసినవాడు ఆ సలీం అలీయే. 1900 తర్వాత ఎవరికంటా పడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికినప్పుడు, దాన్ని రాత్రివేళ పట్టి తెచ్చినవాడు ఐతన్న అనే స్థానికుడు. అడవిలో పిట్టలు పట్టడమే వృత్తిగా గలవాడు. బొంబాయి సంఘపు శాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ గ్రామస్థులకు బొమ్మ చూపి అడుగుతూ తిరగబట్టే ఆ పక్షి ఆచూకీ లోకానికి తెలిసింది. తొంభయ్యో పడికి చేరువలో ఉన్న సలీం అలీ ఆ వార్త విన్నాడు. పుస్తకమెరుగని చేతుల్లో ఎంత జ్ఞానముంటుందో, అడగడం తెలిసినవాడికే అది ఎలా దక్కుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

*

ఇక బడి సంగతి. 1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యా సమావేశం, దాని వెంట జాకిర్ హుస్సేన్ సంఘం ఇచ్చిన నివేదిక ‘నయీ తాలీమ్’కు పునాదులు. ఏడేళ్ళనుండి పధ్నాలుగేళ్ళ వరకు మాతృభాషలో, చేతివృత్తి కేంద్రంగా చదువు. దినచర్యలో మూడు గంటల ఇరవై నిమిషాలు పనికే కేటాయించాలన్నారు. నూలు వడకడంనుండి లెక్కలు, పత్తి పుట్టుకనుండి భూగోళం, బట్టల వర్తకంనుండి చరిత్ర పుట్టాలి. ఊహ చాలా గొప్పది. మా పెద్దల తరంలో చాలామంది బడిలో తకిలీ తిప్పినవారే. అయితే పనిని ఏర్చినవారు పెద్దలు. తకిలీ ఎందుకు తిప్పుతున్నామో పిల్లవాడికి తెలియనినాడు, అది పలక మీద ఒత్తులు దిద్దడం కంటే వేరైనదేమీ కాలేదు. స్వాతంత్ర్యానంతరం ఊరూరా వెలసిన బేసిక్ పాఠశాలలు క్రమంగా పేరుకు మాత్రమే బేసిక్ అయ్యాయి.

ఆ ఊహ చావలేదు. మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున, అప్పటి హోషంగాబాద్ జిల్లాలో, మరో రూపంలో చిగిర్చింది. 2022లో ఆ ఊరికి నర్మదాపురం అని పేరు మార్చారు. చరిత్రలో మాత్రం పాతపేరే నిలిచింది. అక్కడ రసూలియా గ్రామంలో క్వేకర్లు నడిపే ఫ్రెండ్స్ గ్రామీణ కేంద్రం ఉండేది. అదే జిల్లాలో బన్‌ఖేడీ దగ్గర కిశోర్ భారతి అనే సంస్థను అనిల్ సద్గోపాల్ స్థాపించారు. ఆయన బొంబాయి టాటా పరిశోధనా సంస్థలో అణుజీవశాస్త్రం వదలి పల్లెకు వచ్చిన శాస్త్రజ్ఞుడు. ఈ రెండు సంస్థలూ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఒక చిన్న అనుమతి కోరాయి: పదహారు ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో, ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్సును వేరే విధంగా చెప్పనివ్వండి అని. అనుమతి దొరికింది. 1972లో పని మొదలయింది.

నేను దాదాపు ఆ రోజుల్లోనే ఆరో తరగతి చదివాను. మా బడిలో సైన్సు అంటే ‘ఆక్సిజన్ ధర్మములు వ్రాయుము’. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు అని వరుసగా అప్పజెప్పేవాళ్ళం. ఒక గాజు పరీక్షనాళిక బీరువాలో ఉండేది. పగులుతుందని దాన్ని ఎవరికీ ఇచ్చేవారు కారు. ఇది చెప్పడం మా గురువులను నిందించడానికి కాదు, హోషంగాబాద్‌లో జరిగినది ఎంత విప్లవమో తెలియడానికి. అక్కడ పిల్లలు నలుగురు నలుగురుగా కూర్చొని ప్రయోగాలు తామే చేసేవారు. పువ్వును విప్పి చూడటానికి సూది బదులు తుమ్మముల్లు. సైకిలు వాల్వు ట్యూబు ముక్కలూ అగ్గిపుల్లలూ కలిపి జ్యామితి ఆకారాలు. వీటిని కనిపెట్టిన అరవింద్ గుప్తా 1978లో మోటారు కంపెనీ ఉద్యోగానికి సెలవు పెట్టి అక్కడికి చేరిన ఇంజినీరు. ‘బాల వైజ్ఞానిక్’ అని వారి పుస్తకానికి పేరు. ఆ పుస్తకంలో ప్రయోగం ఎలా చేయాలో ఉంటుంది, ఫలితం ఏమి వస్తుందో ఉండదు. అది పిల్లవాడు చూసి, తన నోటుపుస్తకంలో తన మాటల్లో వ్రాసుకోవాలి. జవాబు ముందే అచ్చయిన పుస్తకాన్ని బట్టీ పట్టవచ్చు. జవాబులేని పుస్తకాన్ని బట్టీ పట్టడం ఎలా?

పరీక్షలూ అందుకు తగ్గట్టే. పుస్తకమూ నోట్సూ ఎదుట పెట్టుకొని వ్రాయవచ్చు. చేసి చూపవలసిన పరీక్ష వేరే. పల్లెటూరి ప్రభుత్వ బడిలో పుస్తకం తెరిచి వ్రాసే పరీక్షను ప్రభుత్వం ఆమోదించిందంటే ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆచార్యులు, టాటా సంస్థ శాస్త్రజ్ఞులు వేసవి సెలవుల్లో వచ్చి పల్లె మాస్టార్లతో కలిసి నేలమీద కూర్చొని ప్రయోగాలు చేశారు. మాస్టార్లు తరగతిలో ఏది నడవలేదో నెలవారీ సమావేశాల్లో నిర్మొహమాటంగా చెప్పారు; దాన్నిబట్టి పాఠాలు తిరగవ్రాశారు. బొమ్మా బొరుసూ వేసి సంభావ్యతను పట్టుకునే పాఠం ఆ పన్నెండేళ్ళ పిల్లల పుస్తకంలో ఉంది.

ఇవన్నీ ఒక ఎత్తు, సవాలీరామ్ ఒక ఎత్తు. హిందీలో సవాల్ అంటే ప్రశ్న. సవాలీరామ్ అనే మనిషి లేడు, కల్పితుడు. నీకు తోచిన ఏ ప్రశ్నయినా సవాలీరామ్‌కు ఉత్తరం వ్రాయమని పిల్లలకు చెప్పారు. ఉత్తరాలు వచ్చాయి. పాఠంలోనివీ, పాఠంలో లేనివీ. ఆకాశాన్ని గూర్చి, పురుగులను గూర్చి, ఒంట్లో జరిగే వాటిని గూర్చి, పెద్దల ముందు అడగడానికి జంకే వాటిని గూర్చి. ఆ కల్పిత మనిషి తరఫున శాస్త్రజ్ఞులూ కార్యకర్తలూ తలలు పట్టుకొని కూర్చొని, ఒక్కొక్క పిల్లవాడికి పేరుపేరునా జవాబు వ్రాశారు. ‘బాల వైజ్ఞానిక్’లోని ప్రయోగాలు ఎంత గొప్పవైనా పెద్దలు ఏర్చినవే. పిల్లవాడి సొంత ప్రశ్నకు ఆ ఏర్పాటులో దొరికిన చోటు సవాలీరామ్ చిరునామా. బొంబాయిలో ఒక్క పిల్లవాడికి దొరికిన మిల్లార్డ్‌ను ఒక జిల్లా పిల్లలందరికీ పోస్టుకార్డు ధరకు అందివ్వడం కాదా ఇది!

1978లో ఆ జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికీ ఈ పద్ధతి విస్తరించింది. అవి రెండు వందలకు పైబడినవి. 1982లో దీని నిర్వహణకూ వ్యాప్తికీ ఏకలవ్య సంస్థ ఏర్పడింది. 1985నుండి ‘చక్‌మక్’ అనే పిల్లల పత్రిక నడిపింది. చక్‌మక్ అంటే చెకుముకి రాయి. మన జన విజ్ఞాన వేదికవారి పిల్లల సైన్సు పత్రిక పేరు కూడా ‘చెకుముకి’యే కావడం చూస్తే, నిప్పు పుట్టాలంటే రాపిడి కావాలని రెండు భాషలవారికీ ఒకే విధంగా తోచిందనుకోవాలి. కాలక్రమంలో హోషంగాబాద్ పద్ధతి పదికి మించిన జిల్లాల్లో దాదాపు వెయ్యి బడులకు పాకింది.

2002లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని రద్దు చేసింది. రాష్ట్రమంతటా ఒకే పుస్తకం ఉండాలన్నది ఒక వాదం. పై తరగతుల పరీక్షల్లోనూ పోటీ పరీక్షల్లోనూ మా పిల్లలు వెనుకబడతారన్నది మరొకటి. ఈ రెండో భయాన్ని తేలికగా కొట్టివేయలేను. ఎనిమిదో తరగతి దాకా ‘నీవే చూడు’ అని చెప్పి, తొమ్మిదినుండి ‘చెప్పింది వ్రాయి’ అంటే ఆ పిల్లవాడి గతి ఏమిటని పేద తండ్రి అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. కాని ఆ ప్రశ్నకు తొమ్మిదో తరగతిని మార్చడం ఒక జవాబు, ఎనిమిదో తరగతిని మూయడం మరొక జవాబు. రెండోది సులువు కనుక అదే జరిగింది. దేశంలోని పేరున్న శాస్త్రజ్ఞులు నిరసన తెలిపినా ఫలితం లేకపోయింది. ఆ ముప్ఫయ్యేళ్ళ చరిత్రను సుశీల్ జోషి ‘జశ్న్-ఎ-తాలీమ్’ అనే పుస్తకంగా వ్రాశారు.

అయినా విత్తనాలు మిగిలాయి. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్సు కాంగ్రెసులో పదినుండి పదిహేడేళ్ళ లోపు పిల్లలు జట్లుగా తమ ఊరి సమస్యనే పరిశోధనాంశంగా తీసుకొని, తమ భాషలోనే నివేదిక సమర్పించే వీలుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షను కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా చదువు సాగాలని శాసించింది. దాని వెనుకనే మన కొత్త పాఠ్యపుస్తకాల్లో ప్రతి పాఠం చివరా ‘ప్రాజెక్టు పని’ వచ్చి చేరింది. చట్టం చెప్పింది అన్వేషణ. బడికి చేరేసరికి అది గడువు తేదీ, మార్కుల పట్టిక అయింది. నలభైమంది పిల్లలకు ఒకే ప్రాజెక్టు, ఒకే వారం గడువు ఇస్తే థర్మోకోలు తప్ప మరొకటి ఎలా పుడుతుంది?

*

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పుకోనివ్వండి. 1990లలో నేను పనిచేసిన ఒక ఊళ్ళో సగం ఇళ్ళు చేనేతవారివి. ఏడో తరగతి పిల్లలను, మీ ఇంటి పనిలో వాడే మాటలు పది వ్రాసుకు రండి అన్నాను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశాన్ని చదివిన ఉత్సాహం అది. దాని రెండో సంపుటం చేనేత పదాలది, 1971లో వచ్చింది. అందరూ పది మాటలు తెచ్చారు. నాగలి, మేడి, కర్రు, కాడి. మగ్గం, నాడె, కండె, అచ్చు. ఆ వారంతో చాలామందికి పని ముగిసింది. ఒక అమ్మాయికి ముగియలేదు. ‘మాస్టారూ, నిలువు దారాలను పడుగు అంటారు గదా. పడుగు, పొడుగు ఒకటేనా?’ అని అడిగింది.

నేను శబ్దరత్నాకరమూ సూర్యరాయాంధ్ర నిఘంటువూ తెచ్చి ఆమె ముందు పెట్టాను. రెండు మాటల ధ్వని కలిసినంత మాత్రాన పుట్టుక ఒకటని తేలదనీ, ఆధారం కావాలనీ చెప్పాను. ఆధారం అంటే ఏమిటని అడిగింది. పాత పుస్తకాల్లో ప్రయోగం, పక్క ఊళ్ళలో ఉచ్చారణ, పొరుగు భాషల్లో చుట్టరికం అన్నాను. పాత పుస్తకాలు ఆమెకు అందనివి. పక్క ఊళ్ళు అందుతాయి. సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు వెళ్ళినా, పెళ్ళికి మరో ఊరు వెళ్ళినా అక్కడి మగ్గాల దగ్గర కూర్చొని మాటలు వ్రాసుకువచ్చేది. ఏడాది తిరిగేసరికి నోటుపుస్తకంలో నూట నలభై మాటలు, ఎదురుగా ఏ ఊళ్ళో ఎలా అంటారో. పడుగుకూ పొడుగుకూ చుట్టరికం తేలలేదు. కాని ఒకే పనిముట్టుకు ఇరవై మైళ్ళ దూరంలో వేరే పేరుంటుందనీ, మాట తప్పని తాను నవ్విన అవ్వ మాట ఆ అవ్వ ఊరికి ఒప్పేననీ ఆ అమ్మాయి తనంతట తానే కనుక్కుంది. గిడుగువారు జీవితమంతా పోరాడి చెప్పిన సంగతి అది. తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఆ నోటుపుస్తకం తిరగవేసి, ‘ఇది సిలబసులో ఎక్కడుందండీ?’ అని నన్ను అడిగారు. ‘సిలబసు అంతా ఇందులో ఉందండీ’ అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఏడో తరగతి పరీక్షలో ఆ పనికి ఒక్క మార్కూ లేదు. అడిగి ఉంటే ఆ అమ్మాయికీ అక్కరలేదు.

మగ్గం ప్రస్తావన వచ్చింది గనుక మరొక పేరు తలవకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయడమంటే చీర ఒక్కింటికి తొమ్మిది వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడించాలి. ఆ పని చేసే తల్లి లక్ష్మి భుజాల నొప్పులు చూస్తూ పెరిగిన పిల్లవాడు ఆరో తరగతితో బడి మానేశాడు. ‘ఈ పని యంత్రం ఎందుకు చేయలేదు?’ అన్నది అతని ప్రశ్న. 1992లో పనికి పూనుకొని, డబ్బు లేక ఆగి, మళ్ళీ మొదలెట్టి, 1999లో యంత్రం పూర్తి చేశాడు. గంటల తరబడి సాగే పని గంటన్నరకు దిగింది. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. కిల్‌పాట్రిక్ గీటురాయి మీద ఇంతకంటే మేలిమి ప్రాజెక్టు ఏది? కోరిక అతనిది, పథకం అతనిది, చేతులు అతనివి. కాని ఏడేళ్ళు ఒంటరిగా తంటాలు పడ్డాడు. ఆ వయసులో బడి ఆ ప్రశ్నకు చోటిచ్చి, ఒక మిల్లార్డ్ తలుపు తెరిచి ఉంటే అతనికి ఆ ఏడేళ్ళు పట్టేవా? ఇలాంటి ప్రశ్నలతో బడిలోకి వచ్చి, అవి అడగకుండానే బయటికి పోయిన పిల్లలు ఎందరు? మల్లేశం మనకు కనబడ్డాడు. కనబడనివారి లెక్క ఎవరి దగ్గరా లేదు.

2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరునుండి ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు పది రోజులు సంచి లేని రోజులుండాలనీ, ఆ రోజుల్లో వారు స్థానిక వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారుల దగ్గర పని నేర్వాలనీ చెప్పింది. మంచి మాట. వార్ధా మాటకు మనుమరాలి వరస. కాని ఆ పది రోజులూ ఏమవుతాయో మనమీద ఆధారపడి ఉంది. కుమ్మరి సారె ముందు పిల్లలను వరుసగా నిలబెట్టి ఫొటో తీసి పంపితే ఆ పది రోజులూ రెండో రకం ప్రాజెక్టే అవుతాయి. ఆ పదిలో ఒక్కరోజు, ‘ఇక్కడ నీకు తెలియనిది ఏమిటి? దాన్ని ఈ ఏడాదంతా వెదుకుతావా?’ అని ప్రతి పిల్లనూ విడివిడిగా అడిగితే చాలు. నలభైమందిలో ముప్ఫయిమందికి ఏమీ తోచకపోవచ్చు. పదిమందికి తోస్తుంది. వారికి మార్కు వేయకండి. గడువు పెట్టకండి. తప్పు జవాబు వచ్చినా ఎలా వచ్చిందో వ్రాయమనండి.

ఇది చదివే మిత్రుల్లో చాలామంది ఉపాధ్యాయులు కారని నాకు తెలుసు. ఇంజినీర్లున్నారు, వైద్యులున్నారు, దూరదేశాల్లో ఉన్నవారున్నారు. సవాలీరామ్ తరఫున జవాబులు వ్రాసినవారిలోనూ చాలామంది బడిపంతుళ్ళు కారు. మీ ఊరి బడిలో ఏడో తరగతికి ఒక ఉత్తరం వ్రాయండి: ‘నాకు ఫలానా విషయం కాస్త తెలుసు. మీలో ఎవరికైనా దాని గూర్చి ప్రశ్న ఉంటే నాకు వ్రాయండి. తెలిస్తే చెబుతాను, తెలియకపోతే కలిసి వెదుకుదాం’ అని. హోషంగాబాద్‌లో ప్రభుత్వం తలుపు మూయగలిగింది గానీ, ఒక మనిషి ఒక పిల్లవాడికి జవాబు వ్రాయడాన్ని ఆపే ఉత్తర్వు ఏదీ ఇంతవరకు వెలువడలేదు.